కేరాఫ్ కృపానందం

ఏడో రోజు. అంటే ఇవాళే. ఇంకా గంటన్నర ఉంది, గంటన్నర చాలు, ఎందుకు చాలదు, అని నాచారం పోస్టాఫీసు బెంచీ మీద కూర్చుని కృపానందం తనకు తానే నాలుగోసారి చెప్పుకున్నాడు. చేతిలో చీటీ చెమటకు మెత్తబడింది. దాని మీద బాల్‌పెన్నుతో గబగబా రాసిన అక్షరాలు: స్పీడ్ పోస్టు, బి. విక్టోరియా, కేరాఫ్ కె. కృపానందం, తలుపు వేసి ఉన్నది, ఏడు రోజుల లోపల ఆఫీసుకు వచ్చి తీసుకోగలరు. తేదీ పోయిన బుధవారంది, ఇవాళ మంగళవారం. వేళ్ల మీద లెక్కపెడితే ఏడు, గోడ మీది క్యాలెండరు చూసి లెక్కపెడితే ఏడు, ఎటు నుంచి లెక్కపెట్టినా ఏడే, ఎనిమిది కాకపోవడమే దేవుడి దయ. కౌంటర్లో కూర్చున్న దుర్గాభవాని గారు చీటీ అటూ ఇటూ తిప్పి, రిజిస్టరులో వేలు పెట్టి వెతికి, "ఉందండీ, ఇంకా వెనక్కి పోలేదు. కానీ మీ పోస్టుమ్యాన్ కొమురెల్లి దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేసుకుని బీటుకెళ్లాడు. మూడున్నర, నాలుక్కల్లా వచ్చేస్తాడు. నాలుగున్నరకి సంచీ కట్టేస్తాం మరి, ఆలోపు తీసుకోకపోతే పంపినవాళ్లకే వెళ్లిపోద్ది. కూర్చోండి," అంది. కూర్చోక ఏం చేస్తాడు. పైన ఫ్యాను తిరుగుతోంది, తిరుగుతోందన్న మాటే గానీ గాలి ఎవరికీ తగలడం లేదు. కొమురెల్లి వస్తాడు. కొమురెల్లి మొహం చూడాలి. అది ఇంకో సంగతి, దాని దగ్గరకు తరువాత పోదాం అనుకున్నాడు, మనసు మాత్రం ముందే అక్కడికి పోయి నిలబడింది.

ఈ చీటీ దొరికింది ఇవాళ పొద్దున. దొరికింది అనడం కూడా పెద్దమాటే, దానంతటదే వచ్చి కాళ్ల మీద పడింది. పాత పేపర్లు అమ్మేద్దామని కట్ట లాగితే నారపల్లిలో ప్లాట్లు, మేడిపల్లిలో డూప్లెక్సులు, నీలం రంగు స్విమ్మింగ్ పూలు, తెల్లగా నవ్వే ఒక కుటుంబం, అన్నీ జలజలా జారి, వాటి మధ్య నుంచి ఇది. తలుపు కింద నుంచి ఎవరు ఏ కాగితం తోసినా చీపురుతో ఊడ్చి ఆ కట్టలోకి నెట్టేయడం భార్య దోర్కా పోయాక అతనికి అలవాటైంది. దోర్కా ఉన్నప్పుడు కరెంటు బిల్లు వెనక రాసినది కూడా చదవందే పక్కన పెట్టేది కాదు. పేరు చదివాడు, విక్టోరియా అని ఉంది, బనీను మీదనే వీధిలోకి వచ్చి మళ్లీ లోపలికి పోయి చొక్కా వేసుకున్నాడు. విక్టోరియాకు నలభై మూడు దాటి ఏడు నెలలు. సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సు కావడానికి ఇదే ఆఖరిసారి, మళ్లీ ప్రకటన పడేసరికి వయసు దాటిపోతుంది. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోములో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది, భర్త లేడు, పదో తరగతి చదివే మరియా ఒక్కతే కూతురు. రాత్రి డ్యూటీల మధ్య చదివి పరీక్ష రాసింది, పాసైంది, జాబితాలో పేరు పడింది, ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెబుదామని లేచి నాలుగు మాటలైనా పూర్తి చేయలేక ఏడ్చి కూర్చుంది. ఇక రావాల్సినదల్లా ఒక్క మెయిలు. సర్టిఫికెట్లు పట్టుకుని ఏ రోజు రావాలో చెప్పే మెయిలు, ఏ ఊళ్లో ఉద్యోగం కావాలో వరసగా రాసి పంపమని అడిగే మెయిలు. అది రావాల్సింది విక్టోరియాకు కాదు, కృపానందానికి.

ఎందుకంటే ఫారంలో ఈమెయిలు అన్న గడి దగ్గరికి రాగానే ఆ చర్చిలో ఎవరైనా కృపానందం మొహమే చూస్తారు. జనగామ నుంచి, భువనగిరి నుంచి, కీసర అవతలి పల్లెల నుంచి వచ్చి నాచారం ఫ్యాక్టరీల్లో కుదురుకున్న కుటుంబాలు. పదకొండు నెలలకొకసారి గది మారుతారు, సిమ్ములు మారుతాయి, ఇంటి ఓనరు మారుతాడు. కృపానందం మాత్రం మారడు. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే కంపెనీలో టైపిస్టు, ఇరవై ఏళ్లుగా ఒకే సొంత ఇల్లు, అదే ఇంటి నంబరు, అదే మెయిలు. అందుకని అందరి చిరునామా కేరాఫ్ కృపానందం, అందరి మెయిలు కృపానందానిదే. ఒకరి పీఎఫ్, ఒకరి పాస్‌పోర్టు, పిల్లల హాల్‌టికెట్లు, కుట్టుమిషన్ల పథకం దరఖాస్తు, అన్నీ అతని డబ్బాలోనే పడేవి. అతను వాటిని ప్రింటు తీసి, పేరు పేరునా మడిచి, ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర నిలబడి పంచేవాడు. మెయిలన్న అనేవారు. పాస్టరు గారి ప్రసంగం కన్నా నా చేతి సంచీ కోసం చూసేవాళ్లే ఎక్కువ అని ఒకసారి లోలోపల అనుకుని వెంటనే నాలుక కరుచుకున్నాడు కూడా. నాలుక కరుచుకుంటే అనుకున్నది పోతుందా. సేవ, పరిచర్య, ఎన్ని పేర్లయినా పెట్టుకోవచ్చు, గర్వం గర్వమే. ఇంకొకరి బతుకు నా గుప్పిట్లో ఉంది, నేను విప్పితేనే వాళ్లకు అందుతుంది అన్న గర్వం. గుప్పిట విప్పడం మరిచిపోయినప్పుడు ఆ బతుకు ఏమవుతుందో అప్పుడు ఆలోచించలేదు. మరిచిపోయాడా? కాదు. మరిచిపోతే ఇంత బాధ ఉండేది కాదు, మరపు మనిషికి సహజం అని ఎవరైనా అంటారు. అతను మరిచిపోలేదు.

బయట ఏదో బస్సు హారను గట్టిగా మోగింది. పక్కన కూర్చున్న ముసలాయన పాసుపుస్తకం తెరిచి మూసి తెరిచి మూస్తున్నాడు. మూడూ పది. దోర్కా మంచాన పడ్డ అయిదు నెలల్లో టైము ఇట్లాగే గడిచేది, మందు నుంచి మందుకు. కడుపులో మొదలైన జబ్బు కాలేయానికి పాకిందని చెప్పిన రోజు ఆమె ఏడవలేదు, ట్యాబు ఎట్లా పనిచేస్తుందో నేర్పండి అంది. అతను నేర్పిందల్లా ఒక్కటే, వీడియో తీసి తన మెయిలుకు పంపడం. అతను ఆఫీసులో ఉన్న గంటల్లో ఆమె ట్యాబును పొట్ట మీద దిండుకు ఆనించి పెట్టుకుని పంపుతూ పోయింది. నూట పన్నెండు వీడియోలు. గోంగూర ఎంత వేగితే పులుపు దిగుతుందో ఒకటి, గ్యాసు పుస్తకం ఏ డబ్బాలో ఉందో ఒకటి, కీర్తనల్లో తనకు ఇష్టమైనవి, ఊపిరి అందక చరణం మధ్యలో ఆగిపోయినవి. ఒకదాంట్లో ఏమీ లేదు, ఫ్యాను చప్పుడు, గోడ, ఆమె ఊపిరి, పద్నాలుగు నిమిషాలు. ఒకదాంట్లో పక్క నుంచి ఒక చెయ్యి వస్తుంది, సూది పట్టుకున్న చెయ్యి, "వదినె, చెయ్యి కదిలియ్యకు, అయిపాయె" అంటుంది. విక్టోరియా. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున ఎనిమిదింటికి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కి వచ్చేది, ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది, పుండ్లు కడిగేది, ఇంజెక్షన్ ఇచ్చేది, అతను చేసిన చప్పటి ఉప్మా తిని బాగుందన్నా అనేది. అయిదు నెలల్లో ఎన్ని రోజులు మానింది? మూడు. మరియాకు డెంగీ వచ్చిన మూడు రోజులు.

ఆ దరఖాస్తు కూడా దోర్కా పెట్టించిందే. మంచంలోంచే పోరింది. "ఆమెకు మెయిలు గియిలు తెల్వదు, మీదే ఇయ్యుండ్రి, మన అడ్రసే ఇయ్యుండ్రి, ఉత్తరమొస్తే మనింట్ల పోదు" అంది. మనింట్లో పోదు. అరవై మూడో వీడియోలో అయితే పులిహోర చెబుతూ చెబుతూ ఆగి, "మల్ల యాది మరుస్తరు, విక్టోరియా పని మాత్రం మరువకుండ్రి" అంది. అది ఎన్నిసార్లు చూశాడు? ఆరుసార్లో, ఏడుసార్లో. చూసిన ప్రతిసారీ సరే దోర్కా అని పైకే అన్నాడు. మనిషి సిగ్గు లేకుండా బతకడం ఇంత తేలికని అతనికి తెలియదు. సరే అని తల ఊపుతూ ఉన్న ఆ వేళల్లోనే మెయిలు పెట్టె పైన ఎర్రగీత ఒకటి మెరుస్తూ ఉంది, నిల్వ స్థలం నిండిపోయింది, ఇకపై మీకు మెయిళ్లు రావు అని, స్పష్టంగా, తెలుగులోనే.

జూన్ నెలలో మొదటిసారి కనబడింది ఆ గీత. రేపు చూద్దాం అనుకున్నాడు. మెయిలు కంపెనీవాడు ఊరకే ఉండడు, నెలకు ఇంత కట్టు, ఇంకో పెద్ద పెట్టె ఇస్తానంటాడు. కడదామనే కూర్చున్నాడు. కార్డు నంబరు కొడితే బ్యాంకు నుంచి ఓటీపీ దోర్కా పాత నంబరుకు పోయింది, ఆ సిమ్ము ఆమె పోయిన మూడో నెలకు రద్దయిపోయింది. సరే, మెయిలు వాడినే అడుగుదామంటే ముందు నువ్వు నువ్వేనని నిరూపించుకో అన్నాడు. ఈ బొమ్మల్లో బస్సులు ఏవో చూపించు అన్నాడు, చూపించాడు. ఇందులో మెట్లు ఏవో చూపించు అన్నాడు, చూపించాడు. అరవై దగ్గరపడ్డ మనిషి పొద్దున పొద్దున్నే కళ్లద్దాలు తుడుచుకుని ఏ ఊరివో తెలియని మెట్లు గుర్తుపడుతూ కూర్చోవడం. చివరకు కోడు పంపుతున్నాం అన్నాడు, ఎక్కడికి పంపాడయ్యా అంటే అతను పనిచేసిన కంపెనీ మెయిలుకు, ఆ కంపెనీ షట్టరు మూసి రెండేళ్లు. మనిషితో మాట్లాడదామంటే నంబరు లేదు, రాసి అడిగితే మీ అభిప్రాయం మాకు ముఖ్యం అని జవాబు. ఆ జవాబు కూడా పెట్టె నిండిపోయింది గనుక రాలేదు, తెర మీద కనబడి మాయమైంది. వాళ్లను తిట్టాడు. నిజంగా తిట్టదగినవాళ్లే. కానీ ఆ తిట్లన్నీ దేనిని కప్పడానికో అతనికి తెలుసు. ఇంకో దారి ఉంది, చాలా సులభమైన దారి. నాలుగు వీడియోలు తీసేస్తే చాలు. నాలుగంటే నాలుగే. నాలుగిటి చోటులో నెలరోజుల మెయిళ్లు పడతాయి. ఏ నాలుగు? గోంగూర తీసేద్దామని తెరిచాడు, తెరిస్తే ఆమె నవ్వింది, తియ్యలేదు. ఉత్త ఫ్యాను చప్పుడుది తీసేద్దామనుకున్నాడు, అదే ఒక్క మాట కూడా లేని పద్నాలుగు నిమిషాలు, దాన్ని అసలే తియ్యలేకపోయాడు. పోచారంలో సాఫ్ట్‌వేర్ చేసే దోర్కా తమ్ముడు శాంసన్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు, బావా, అన్నీ నా డిస్కులోకి ఎక్కించి ఇస్తా, గంట పని అని. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదంటే శాంసన్ వింటాడు కదా. వింటే ఏం, సొంత అక్క కదా. ఏమో, తనకు పంపింది కదా, తన ఒక్కడికి పంపింది కదా. ఇది ప్రేమ అనుకున్నాడు అప్పుడు. ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చుంటే పిసినారితనంలా కనబడుతోంది.

మూడు వారాల కిందట విక్టోరియా అడిగింది, చర్చి గేటు దగ్గరే. "అన్నా, మెయిలేమన్న వచ్చిందా? మా నర్సింగ్‌హోముల జేసే ఆమనికి వచ్చిందట." అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. పదిమంది మధ్య నిలబడి, మెయిలన్న అనిపించుకునే చోట నిలబడి, నా పెట్టె నిండింది తల్లీ అనడానికి నోరు రాలేదు. "రాలేదమ్మా, గీ కంపెనోళ్లు గిట్లనే జేస్తరు, నడిమిట్ల మింగుతరు" అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మి, "పోస్టుల గిట్ట వస్తదేమో సూడన్నా" అంది. దానికి అతను ఇంకో అడుగు ముందుకేశాడు. "వస్తే ఇయ్యాలె గదా, ఆ కొమురెల్లి సక్కగ ఇస్తలేడు" అన్నాడు. ఏ ఉత్తరం ఇవ్వలేదు కొమురెల్లి? ఏదీ లేదు. నోటికి వచ్చింది, అనేశాడు. అన్నది నిజం చేయాలన్న పట్టుదల ఏదో పట్టుకుని, పోయిన వారం సోమవారం తెల్ల కాగితం మీద పోస్టుమాస్టరు గారికి ఫిర్యాదు కూడా రాసి ఈ డబ్బాలోనే వేశాడు, మా వీధి పోస్టుమ్యాన్ కొంతకాలంగా ఉత్తరాలు బట్వాడా చేయడం లేదని. ముప్పై ఒక్క ఏళ్ల టైపిస్టు, మంచి భాష, ఒక్క తప్పు లేదు. రెండు రోజులకు బుధవారం కొమురెల్లి విక్టోరియా ఉత్తరం పట్టుకుని కృపానందం తలుపు ముందు నిలబడ్డాడు. ఆ టైముకు కృపానందం ఎక్కడున్నాడు? ఎక్కడికీ పోలేదు. పదకొండున్నరకు తలుపు గడియ పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని దోర్కా పాట వింటున్నాడు. రోజూ ఆ టైముకు అదే పని. బెల్లు మోగే ఉంటుంది.

మూడూ ఇరవై అయిదు. లేచి కౌంటరు దగ్గరకు పోయి, ఆయన రాగానే ఇచ్చేస్తరు గదా మేడమ్ అని అడిగాడు. దుర్గాభవాని గారు ఈసారి చీటీని కళ్లకు దగ్గరగా పట్టుకుని, "విక్టోరియా అంటే మీకేమవుతారండీ?" అంది. చెల్లెలి లెక్క అన్నాడు. "లెక్క అంటే కుదరదండీ. ఇంటి దగ్గరైతే వేరు, కౌంటర్లో అయితే ఆవిడే రావాలి ఆధార్ కార్డుతో. లేదంటే నా తరఫున ఫలానా ఆయనకి ఇవ్వండని ఆవిడ రాసి సంతకం పెట్టిన కాగితం తేవాలి," అని, పాపం మంచి మనిషి, తన ముందున్న ప్యాడులోంచి ఒక తెల్ల కాగితం చించి ఇచ్చింది. అతను దాన్ని తీసుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తెల్ల కాగితం. జేబులో పెన్ను. విక్టోరియా సంతకం అతనికి బాగా తెలుసు, దరఖాస్తుల మీద ఎన్నిసార్లు చూశాడు, వి అక్షరం పెద్దగా వేసి చివర గీత వెనక్కి లాగుతుంది. రెండు నిమిషాల పని. ఉత్తరం చేతికి వస్తుంది, ఇంటికి పోయి ఆవిరి పట్టి తెరవొచ్చు, ఏముందో చూడొచ్చు. ఉండేదేదో అతనికి తెలుసు. మీరిచ్చిన మెయిలుకు పంపినది తిరిగి వచ్చింది అని ఉంటుంది, లేకపోతే ఈ రోజుల్లో ఏ ఆఫీసువాడు ఉత్తరం రాస్తాడు. ఆ ముక్క ఆమె కంట పడకుండా తేదీ ఒక్కటి చెబితే సరిపోతుంది. ఇగో తల్లీ, ఇప్పుడే వచ్చింది, ఈ పోస్టోళ్లు ఇన్ని రోజులు ఆపిన్రు అంటే నమ్ముతుంది. ఆమె ఎప్పుడూ నమ్ముతుంది, అదే కదా ఇక్కడికి తెచ్చింది. పెన్ను తీశాడు. బి. విక్టోరియా అను నేను అని రాశాడు. ఆమె చేతిరాత కొంచెం ఎడమకు వాలుతుందని గుర్తొచ్చి అక్షరాలు ఎడమకు వాల్చాడు. వాల్చిన ఆ అక్షరాలు చూశాడు. ఇంత శ్రద్ధగా అరువు అక్షరాలు రాస్తున్న ఈ చెయ్యి, మెయిలు పెట్టెలో నాలుగంటే నాలుగు తీసెయ్యలేకపోయింది. కాగితం నలిపి జేబులో కుక్కుకుని ఫోను తీశాడు.

"అమ్మా, విక్టోరియా. నాచారం పోస్టాఫీసుకు రా. ఆధార్ కార్డు తీస్కరా."

"ఏందన్నా? డ్యూటీల ఉన్న."

"సెలవు అడిగి రా. నీకు స్పీడ్ పోస్టు వచ్చింది. ఏడు రోజులాయె. నాలుగున్నర దాటితే వాపస్ పోతది."

అటు నుంచి ఏదో మానిటరు చప్పుడు, ఎవరో సిస్టర్ అని పిలవడం. ఏడు రోజులెట్లాయె అని అడుగుతుందనుకున్నాడు, అడిగితే ఫోనులోనే చెప్పేద్దామనుకున్నాడు, ఫోనులో చెప్పడం తేలిక. ఆమె అడగలేదు. "వస్తున్నన్నా" అంది. ఉప్పల్ నుంచి షేర్ ఆటోలో ఇరవై నిమిషాలు, ఖాళీ ఉంటే పదిహేను, రింగురోడ్డు దగ్గర ఇరుక్కుంటే ఎంతో. నాలుగున్నరలోపు రాకపోతే? సంచీ కట్టేస్తారు. కట్టేస్తే ఉత్తరం వెనక్కి, చిరునామాలో మనిషి లేడు అని రాసి వెనక్కి. మనిషి ఉంది, పంతొమ్మిదేళ్లుగా అదే నర్సింగ్‌హోములో ఉంది. చిరునామా అయినవాడే లేడు. ఆటోలో ఆమె ఎట్లా కూర్చుని ఉంటుందో అతనికి తెలుసు, సంచీ ఒళ్లో పెట్టుకుని, చెప్పులు కాళ్ల కిందికి లాక్కుని, మెట్రో పిల్లర్లు లెక్కపెడుతున్నట్టు బయటికి చూస్తూ. ఏం చెప్పాలి. మొదట కంపెనీ సంగతి చెప్పి, ఓటీపీ సంగతి చెప్పి, ఆ తరువాత వీడియోల దగ్గరికి వస్తే కొంచెం మెత్తగా ఉంటుంది. వద్దు. ఓటీపీ దగ్గర మొదలుపెడితే ఓటీపీ దగ్గరే ఆగిపోతాడు, తన సంగతి తనకు తెలుసు. నేను అని మొదలుపెట్టాలి. నేను అని మొదలుపెట్టిన వాక్యంలో తప్పించుకోవడానికి చోటు తక్కువ.

కొమురెల్లి సైకిలు ముందే వచ్చింది. ఖాకీ చొక్కా వీపు మీద చెమట తెల్లగా అట్టకట్టింది. కృపానందాన్ని చూసి ఆగి, ఏమీ తెలియనట్టు నమస్తే సార్ అన్నాడు. ఫిర్యాదు ఆయన దగ్గరికి వచ్చే ఉంటుంది, వచ్చినట్టు మొహంలో కనబడలేదు. కృపానందం లేచి నిలబడ్డాడు. "కొమురెల్లన్నా, బుధవారం నువ్వు..." అని మొదలుపెట్టాడు.

"బుధవారం గూడ వచ్చిన, శనివారం గూడ వచ్చిన సార్," అన్నాడు కొమురెల్లి బీరువా తాళం తీస్తూ. "బెల్లు కొట్టిన, పిలిచిన. లోపట ఫ్యాను తిరుగుతుండె. కిటికీలకెల్లి మీరు కుర్సీల కండ్లు మూస్కోని కనవడ్డరు. మేడమ్ పోయిన్నాటి నుంచి మీరు అట్లనే కూసుంటుండ్రని ఎరుకే గదా. బీగం ఏసి ఉందని రాసిన. తీసుకోనన్నరు అని రాస్తే గప్పుడే వాపస్ పోతుండె." అంతే, కవరు తీసి బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఆ మనిషి మీద ఒక్క తప్పు లేకుండా టైపిస్టు భాషలో ఫిర్యాదు రాశాడు. కృపానందానికి కూర్చోవాలనిపించలేదు, నిలబడాలనీ అనిపించలేదు. కొళాయి దగ్గరికి పోయి ఆ కాగితం నేను వాపస్ తీస్కుంటా అన్నా, తప్పు రాసిన అన్నాడు. కొమురెల్లి మొహం మీది నీళ్లు తుడుచుకుంటూ, "రాసియ్యుండ్రి సార్, రాసిస్తే మంచిదే," అన్నాడు. ఫికర్ చేయకుండ్రి అనలేదు. అనాల్సిన అవసరం అతనికి లేదు.

నాలుగూ అయిదుకు విక్టోరియా వచ్చింది, తెల్ల యూనిఫాం మీద చున్నీ కప్పుకుని, కార్డు చేతిలో ముందే పట్టుకుని. దుర్గాభవాని గారు కార్డు చూసి, సంతకం చేయించుకుని కవరు ఇచ్చింది. వి పెద్దగా, గీత వెనక్కి. విక్టోరియా కవరు చింపబోతుంటే కృపానందం అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"అమ్మా, అది తెరువక ముందు నేనొక మాట జెప్పాలె. మెయిలు రాలేదంటి గదా. కంపెనోళ్ల తప్పు గాదు. నా పెట్టె నిండింది. నిండిందని నాకెరుకనే. మీ వదినె వీడియోలు నాలుగు తీసేస్తే నీది వస్తుండె. తియ్యలే. గీ ఉత్తరం గూడ కొమురెల్లి రెండుసార్లు తెచ్చిండు. నేను ఇంట్లనే ఉన్న. ఆమె పాట ఇనుకుంట ఉన్న. ఆయన తప్పు గూడ ఏం లేదు."

విక్టోరియా వింది. కనుబొమలు కొంచెం దగ్గరికొచ్చాయి, రోగి దాచిన సంగతి ఏదో ఆలస్యంగా బయటపెట్టినప్పుడు నర్సు మొహం ఎట్లా ఉంటుందో అట్లా. తిడితే బాగుండు అనుకున్నాడు. ఆమె కవరు చింపి, ఇంగ్లీషు కాగితం విప్పి, అలవాటు ప్రకారం అతని చేతికిచ్చింది. ఇన్నేళ్లుగా ఇచ్చినట్టే ఇచ్చింది, చదువు అన్నట్టు. అతను చదివాడు, తెలుగు చేస్తూ, పైకే, ఏ ముక్కా మింగకుండా. మీరిచ్చిన ఈమెయిలుకు రెండుసార్లు పంపినవి పెట్టె నిండిన కారణంగా తిరిగి వచ్చినవి. ఏ ఊరు కావాలో మీ నుంచి గడువులోగా రానందున, మిగిలిన ఖాళీల్లో మీకు ఉట్నూరు కేటాయించడమైనది. ఎల్లుండి గురువారం ఉదయం పదిన్నరకు అసలు సర్టిఫికెట్లతో హాజరు కాగలరు.

"ఉట్నూరు ఎంత దూరముంటదన్నా?"

"అదిలాబాదు దిక్కు. మూడొందల కిలోమీటర్లు దగ్గర దగ్గర."

"ఆమనికి ఉప్పల్లనే వచ్చింది," అంది విక్టోరియా. "నాకన్న నూటయాభై నంబర్లు వెనుక ఆమె." కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అంది. తరువాత, "మరియాకు పదోది గిప్పుడు," అంది, అది అతనికి చెప్పినట్టు లేదు.

నేను వస్తా గురువారం, ఆ సార్ల ముందర నిలబడి తప్పు నాదని రాసిస్తా తల్లీ, ఊరు మార్చమని అడుగుతా అన్నాడు. రాసిస్తే మారుస్తరా అని అడిగింది. తెలియదు అన్నాడు. ఇన్నాళ్లలో తెలియదన్న మాట నోట్లోంచి రావడం అదే మొదటిసారి. ఆమె తల ఊపింది, రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. కాగితం తీసుకుని అడుగున వేలు పెట్టి, ఇది ఏందన్నా అని అడిగింది. మెయిలు మారితే కొత్తది గురువారం రాసివ్వాలట, పోస్టింగు ఆర్డరు దానికే పంపుతారట అన్నాడు. విక్టోరియా సంచీలోంచి తన ఫోను తీసింది, మూల పగిలిన అద్దం.

"నా పేరు మీద ఒక మెయిలు తెరిచియ్యన్నా. గిప్పుడే. గీడనే."

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. లోపల సంచీ మూతి కడుతున్న చప్పుడు. పేరు కొట్టాడు, పుట్టిన తేదీ కొట్టాడు, అది నోటికే వచ్చు. పాస్‌వర్డు గడి వచ్చేసరికి ఆమె ఫోను తీసుకుని, కొంచెం పక్కకు తిరిగి, తానే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, మళ్లీ ఇచ్చింది. ఆ తరువాత ఇంకో గడి వచ్చింది. పాస్‌వర్డు మరిచిపోతే కోడు పంపడానికి ఇంకో ఫోను నంబరు ఇవ్వమంటోంది. ఏ నంబరని అడగాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. ఇరవై ఏళ్ల అలవాటు, వేళ్లు వాటంతటవే పోయి తన నంబరు కొట్టడం మొదలుపెట్టాయి, తొమ్మిది, ఎనిమిది, నాలుగు.

విక్టోరియా చెయ్యి అడ్డు వచ్చింది. "నీది వద్దన్నా," అంది మెల్లగా. "మరియాది పెట్టు."

అతను కొట్టిన మూడు అంకెలూ చెరిపేశాడు. ఆమె ఒక్కో అంకె చెబుతుంటే ఒక్కో అంకె కొట్టాడు. పదీ అయ్యాక సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోమని ఫోను ఆమెకిచ్చాడు. ఆమె రెండుసార్లు చూసుకుంది.